పనికొస్తాది మామ

కోలారు బంగారు గనుల పేటల్లో, అంటే రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట, ఊరిగాం, మారికుప్పం చుట్టుపక్కల, తరచుగా కనిపించే గృహస్థుల్లో 'పనికొస్తాది మామ' ఒక రకం. వయసు అరవై దాటి ఉంటుంది. ఇతని ఇంట్లోకి వచ్చిన వస్తువు మళ్లీ గడప దాటదు. విరిగిన గొడుగు ఎందుకన్నా, మూత లేని ఫ్లాస్కు ఎందుకన్నా జవాబు ఒక్కటే: "ఉండనీమ్మా, ఎప్పుడన్నా పనికొస్తాది."

ఇతన్ని పిసినారి అనుకోవడం పొరపాటు. పిసినారి డబ్బు ఇవ్వడు. ఇతను డబ్బు ఇస్తాడు, డబ్బా ఇవ్వడు.

ఈ గుణానికి మూలం ఊరి పక్కనున్న సైనైడ్ దిబ్బలు. జాన్ టేలర్ కంపెనీ 1880లో మొదలుపెట్టిన తవ్వకం 2001 ఫిబ్రవరి 28న ఆగిపోయేలోగా దాదాపు 800 టన్నుల బంగారం పైకొచ్చింది. రాతిని పిండి కొట్టి, సైనైడ్ నీళ్లలో బంగారాన్ని కరిగించి లాగేశాక మిగిలిన పొడిని పక్కనే పోస్తూ పోయారు. అలా పేరుకున్న దిబ్బలు 13, వాటిలో పొడి సుమారు 3 కోట్ల 30 లక్షల టన్నులు. పనికిరాదని పారబోసిన ఆ పొడిలో ఇంకా కాస్త బంగారం ఉంది. ఇది వింటూ పెరిగినవాడికి దేన్ని చెత్త అనాలో తెలియకపోవడంలో వింత లేదు.

ఇల్లు గని కూలీల లైన్లలో చిన్నది, అటక మాత్రం పెద్దది. ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు పైగా లోతు. అటక అంత లోతు కాకపోయినా లెవెళ్లు అలాగే ఉంటాయి. పై లెవెల్లో పెళ్లి పత్రికలు, మిఠాయి డబ్బాలు, శ్రీనివాసపురం మామిడిపండ్లు వచ్చిన పెట్టెలు. నడిమి లెవెల్లో పాలక్యాను మూత ఒకటి, పట్టుపురుగులు గూళ్లు కట్టే చంద్రిక తట్ట ఒకటి, మాలూరు పెంకులు నాలుగు. ఇంటికి వేసింది సిమెంటు కప్పు అన్న సంగతి ఆ పెంకులకు ఎవరూ చెప్పలేదు. అట్టడుగున నాయన పెట్టుకున్న గని టోపీ, ఆయన జీతం చీటీలు, తాళాలు ఎక్కడున్నాయో తెలియని తాళంచెవుల గుత్తి. అడుగునున్నది లాగితే పైది కూలుతుంది. గనిలో రాయి ఒత్తిడికి ఒక్కసారిగా పగిలి కూలడాన్ని రాక్‌బర్స్ట్ అంటారు. ఇంట్లో కూలినప్పుడు అత్తమ్మ నోట వచ్చే మాట అచ్చుకు పనికిరాదు.

తలలో ఇంకో అటక ఉంది. షిఫ్టు సైరన్ ఆగి ఇరవై ఏళ్లు దాటినా మామకు ఆ వేళకే మెలకువ వస్తుంది. మెలకువతోపాటు రావలసిన బాకీల లెక్క పైసలతో సహా పైకి వస్తుంది. బంధువుల పెళ్లిలో రెండో పంక్తిలో కూర్చోబెట్టిన అవమానం నిగనిగలాడుతూ ఉంటుంది. శివనసముద్రం కరెంటు 1902లోనే గనులకు వచ్చిందనీ, బెంగళూరు 1905 దాకా చీకట్లోనే కాచుకుందనీ ఒక గర్వం కూడా అక్కడే ఉంది. కరెంటు పోయిన ప్రతిసారీ దాన్ని దించి తుడుస్తాడు.

ఈ రోగానికి వైద్యం చేసేది బెంగళూరులో ఉద్యోగం చేసే కోడలు. వస్తువును చేతిలోకి తీసుకుని, అది మనసుకు సంతోషమిస్తోందా అని అడగమంటుంది జపాన్‌కు చెందిన మారీ కోండో పద్ధతి. ఇక్కడ అది సాగదు. తుప్పు పట్టిన మేకు పట్టుకున్నా మామకు సంతోషమే. సాగేది గని లెక్క. గని మూతపడింది బంగారం పూర్తిగా అయిపోయి కాదు. రాతిలో బంగారం పలచబడి, పైకి తెచ్చే ఖర్చు దాని ధరను మించిపోయింది. కోడలు ఆ లెక్కే అడుగుతుంది: "మామా, ఈ డబ్బా టన్నుకు ఎన్ని గ్రాములు?" నిచ్చెన ఎక్కడం, నడుం పట్టేయడం, వారం రోజుల తైలం అన్నీ కూడితే డబ్బా దండగని తేలుతుంది. రెండో పంక్తి అవమానానికీ ఇదే లెక్క. దాన్ని ఒకసారి పైకి తేవడానికి ఒక రాత్రి నిద్ర ఖర్చు. గని లెక్కకు మామ ఎదురు చెప్పలేడు. మూడు సంచులు పాత సామాన్లు కొనే గుజరీ అంగడికి చేరతాయి. ఇంట్లో కాళ్లు చాపుకునే చోటు దొరుకుతుంది.

ఈ రోగం మళ్లీ తిరగబెట్టే గుణం కలది. పాత దిబ్బల నుంచి మళ్లీ బంగారం తీయాలన్న కేంద్రం ప్రతిపాదనకు కర్ణాటక మంత్రివర్గం 2024 జూన్‌లో ఒప్పుకుంది. ఆ వార్త చదివిన పనికొస్తాది మామ సాయంత్రానికి గుజరీ అంగట్లో తేలతాడు. మూడు సంచులూ తిరిగి ఇల్లు చేరతాయి, వాటి వెంట ఎవరో అమ్ముకున్న టేబుల్ ఫ్యాను రెక్క ఒకటి. వార్త వచ్చిన పేపరు పై లెవెల్లో భద్రంగా ఉంటుంది.