టెంకాయ కొట్టిన కారు యాడబోయె?

ఒంటిమిట్టలో కడప–రేణిగుంట రోడ్డు పక్కన టీ తాగుతుంటే మా మేనల్లుడు ఫోను తెచ్చి నా ముక్కుకు ఆనించాడు. తెర మీద ఒక కారు. నాలుగు చక్రాలు, ఒక స్టీరింగు, రెండు సీట్లు. మిగతాదంతా గాలి.

"చూడు మామా, క్యాటర్‌హామ్ 170 అంట. ఇంగ్లండుది. మొత్తం కలిపి 440 కేజీలే."

"తలుపులేవిరా?"

"రేసు రకం మామా. తలుపులుంటే బరువు."

"ముందర అద్దం?"

"కావల్లంటే పెట్టిస్తారు. దానికి దుడ్లు వేరే."

"పైన టాపు?"

వాడు నన్ను జాలిగా చూశాడు. "మామా, దీన్ని ప్యూర్ డ్రైవింగ్ అంటారు. నీకు చెప్పినా అర్థం కాదులే."

గ్లాసులు కడుగుతున్న టీకొట్టాయన తలెత్తకుండానే అన్నాడు: "తలుపుల్లేకుండా, టాపు చినిగి, అద్దం పగిలిన ఆటో మా బావమర్దికి ఒకటుండాది. ప్యూర్ డ్రైవింగే. ఎంతకిస్తాడో కనుక్కోమంటావా సామీ?"

ఎగతాళికి ముందు న్యాయం చెప్పుకోవాలి. ఈ తేలిక విద్యకు గురువు కాలిన్ చాప్‌మన్ అనే ఇంగ్లీషు ఇంజినీరు. 1948లో ఒక పాత ఆస్టిన్ సెవెన్‌ను విప్పి తిరగబిగించడంతో మొదలుపెట్టి, 1952లో లోటస్ కంపెనీ పెట్టాడు. కార్ఖానా ఎక్కడంటే లండన్ హార్న్సీలో, వాళ్ల నాయన నడిపే హోటలు వెనక, గుర్రాల కొట్టంలో. ఇంజను బలం పెంచితే తిన్నటి దారిలోనే లాభం, బరువు తగ్గిస్తే మలుపులో, బ్రేకులో, టైరులో, పెట్రోలులో, అన్ని చోట్లా లాభం అన్నది ఆయన లెక్క. 1957లో వచ్చిన లోటస్ సెవెన్ ఆ లెక్కకు ఒళ్లు తొడిగిన రూపం. అర టన్నుకు అటూ ఇటూ బరువు.

ఆయన పన్ను బరువు కూడా తగ్గించాడు. ఆ రోజుల్లో బ్రిటన్‌లో పూర్తిగా తయారైన కారు కొంటే కొనుగోలు పన్ను కట్టాలి. విడి భాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే అక్కర్లేదు. బిగించే పద్ధతి రాసి ఇవ్వకూడదని నియమం అడ్డొస్తే, విప్పే పద్ధతి రాసిచ్చి, కింది నుంచి పైకి చదువుకోమన్నారని ఒక కథ చెప్పుకుంటారు. మన ప్రొద్దుటూరు వ్యాపారులు వింటే చాప్‌మన్‌ను పిలిచి శాలువా కప్పేవాళ్లు. 1973లో వ్యాట్ వచ్చి ఆ సందు మూసుకుపోయింది. సెవెన్ హక్కులు క్యాటర్‌హామ్ చేతికి పోయాయి. మా మేనల్లుడి ఫోన్లో ఉన్నది ఆ సెవెన్ వంశమే. దాని ఇంజను సుజుకీది, 660 సీసీ. మన మారుతి 800 కంటే చిన్నది.

చాప్‌మన్ జట్టు ఫార్ములా వన్‌లో ఏడుసార్లు కన్‌స్ట్రక్టర్ల టైటిల్ గెలిచింది. ఒక్క సంగతి మాత్రం గుర్తుపెట్టుకోండి: గుర్రాల కొట్టంలోంచి ముందు బండి బయటికొచ్చింది, దండలు తర్వాత పడ్డాయి. మన దగ్గరికొచ్చేసరికి ఈ వరస తలకిందులవుతుంది. నా తగువు ఆ తలకిందులతోనే.

ఇక మా సీమ సంగతి. మేం పుట్టుకతోనే బరువు పక్షం. ఇంట్లో కాలు పెడితే కడప బండ, గట్టున కూర్చుంటే కడప బండ, ఆఖరికి మిద్దె మెట్లూ కడప బండే. మా దేవుడు కూడా ఒకే శిల మీద సీతాలక్ష్మణులతో కలిసి వెలిశాడు. అందుకే ఈ ఊరికి ఏకశిలానగరమని పేరు. బండ్ల విషయానికొస్తే 1994లో టాటా సుమో వచ్చింది. సుమంత్ మూల్గావ్‌కర్ అనే టాటా పెద్దాయన పేరులోని అక్షరాలు కలిపి ఆ పేరు పెట్టారు. మా సినిమా వాళ్లు మాత్రం అది రాయలసీమ ఇంటిపేరు అనుకున్నారు. 1999లో 'సమరసింహారెడ్డి' ఆడిన దగ్గర్నుంచి కొన్నేళ్లపాటు సీమ కథ అంటే దుమ్ము లేపుకుంటూ వరసగా వచ్చే సుమోలు, హీరో తొడ కొట్టగానే ఆకాశానికెగిరే సుమోలు. టన్నున్నర పైబడ్డ బండి తాటిచెట్టంత ఎత్తు లేచి, గాల్లో నాలుగు పల్టీలు కొట్టి కిందపడేది. చాప్‌మన్ జీవితమంతా గ్రాము గ్రాము గీకి తగ్గించినా ఆయన కారు నేల వదల్లేదు. తేలిక విద్యలో సీమను మించిన వాడెవడో చెప్పండి!

ఈ రోడ్డు మీద వేగానికి గిరాకీ లేదని కూడా అనలేం. ఒంటిమిట్ట, సిద్ధవటం కొండల్లో ఎర్రచందనముంది. అది నీళ్లలో వేస్తే మునిగేంత బరువు. రాత్రిపూట పోలీసుల కన్నా ముందు పోవాల్సిన అవసరం దొంగలకుంది. కానీ వాళ్లు కూడా తేలిక స్పోర్ట్స్ కారు ముట్టుకోరు. రెండు సీట్ల మధ్య దుంగ పట్టదు. వ్యాపారం తెలిసిన వాడెవడూ డిక్కీ లేని బండి కొనడని దీన్నిబట్టి తెలుసుకోవచ్చు.

ఇప్పుడు మన దేశపు వేడుక చూద్దాం. "ఇండియా తొలి స్పోర్ట్స్ కారు" అనే బిరుదు ఒకటుంది. చేతికి దొరికిన వాళ్లందరికీ ఇచ్చేస్తున్నాం. తొంభైల చివర బెంగళూరు శాన్ మోటార్స్ వాళ్ల స్టార్మ్ వచ్చింది: ఫైబర్ ఒళ్లు, లోపల రెనో వాళ్ల 1.2 లీటర్ల ఇంజను, 60 గుర్రాల బలం. తర్వాత మహారాష్ట్ర అలీబాగ్ నుంచి చింకారా రోడ్‌స్టర్ వచ్చింది: చూపుకు లోటస్ సెవెన్, గుండె మాత్రం అంబాసిడర్‌లో పెట్టిన 1.8 లీటర్ల ఇసుజు ఇంజను. 2012 జనవరిలో ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో డీసీ అవంతిని అమితాబ్ బచ్చన్ చేత ఆవిష్కరింపజేశారు. తీరా రోడ్డెక్కినప్పుడు దాని బరువు టన్నున్నర దాటింది, మా సుమోకు చుట్టమే. ఇన్నేసి తొలులు ఉన్న దేశం ఇంకోటి ఉండదు. ఇంట్లో ముగ్గురు పిల్లలుంటే ముగ్గుర్నీ పెద్దోడనే పిలుస్తామా?

ఈ మూడూ నిజంగా తిరిగిన కార్లే. చిన్న కంపెనీలు కష్టపడి చేశాయి. నేను వాటిని తప్పుపట్టను. అంతకు ముందే, 1982లో, ఏ బిరుదూ అడక్కుండా బెంగళూరు సిపాని వాళ్లు డాల్ఫిన్ అనే రెండు తలుపుల బుడ్డ కారు చేశారు. ఇంగ్లండు రిలయంట్ కిట్టెన్‌కు మన నకలు, ఒళ్లంతా ఫైబర్. తేలిగ్గా ఉందని రేసుల కుర్రాళ్లు దాన్ని ఎగరేసుకుపోయారు. ఇజ్రాయెల్‌లో ఇలాంటి ఫైబర్ కార్లను ఒంటెలు తినేస్తాయని జోకులు పుట్టాయి. మా పక్క మేకలున్నాయి, అయినా డాల్ఫిన్ బతికి బట్టకట్టింది, సినిమా నటుడి చేయి పడకుండానే.

ఆవిష్కరణ అనే తంతుకు శాస్త్రం ఏర్పడిపోయింది. మొదట పేరు కావాలి, సంస్కృతంలో ఉంటే శ్రేష్ఠం. తర్వాత నల్లగుడ్డ, దాని కింద బండి ఆకారం. బండి లేకపోయినా ఆకారముంటే చాలు. పొగ వదలాలి. డప్పులు మోగాలి. పెద్దమనిషి ఒకాయన గుడ్డ లాగాలి. టెంకాయ కొట్టాలి. ధర దగ్గర 'అంచనా' అని రాయాలి. బుకింగులు మొదలని చెప్పాలి. చివరగా, బండి ఎప్పుడిస్తారని ఎవడైనా తెలివితక్కువ వాడు అడిగితే "త్వరలో" అనాలి. తెలుగులో అన్నిటికంటే తేలికైన మాట ఇదే. 440 కేజీల కారును కూడా నలుగురు కలిస్తేనే ఎత్తగలరు. 'త్వరలో'ని మంత్రి ఒక్కడే ఒంటి చేత్తో అయిదేళ్లు మోస్తాడు.

అసలు ప్రపంచంలోకెల్లా తేలికైన కారు తయారైంది ఇంగ్లండులోనూ కాదు, బెంగళూరులోనూ కాదు. మన ఆంధ్రప్రదేశ్‌లోనే, 2005లో. విశాఖపట్నం పక్కన ఫోక్స్‌వ్యాగన్ ఫ్యాక్టరీ వస్తోందని రాష్ట్రమంతా మోత. వశిష్ఠ వాహన్ అనే చిన్న కంపెనీకి ప్రభుత్వం 11 కోట్ల రూపాయలు కట్టింది. ఆ కంపెనీతో మాకు సంబంధం లేదని తర్వాత జర్మనీ వాళ్లు చెప్పారు. సీబీఐ వచ్చింది. ఫోక్స్‌వ్యాగన్ మాత్రం తిన్నగా పుణె దగ్గర చాకన్‌కు పోయి 2009లో ఫ్యాక్టరీ తెరిచింది. జర్మన్‌లో ఆ పేరుకు 'ప్రజల బండి' అని అర్థం. ప్రజల సొమ్ము వరకు మనం అర్థం తప్పకుండా నడుచుకున్నాం, బండి దగ్గరే ఆగిపోయాం.

ఆ కారు గుణాలు ఎంచి చూడండి. తలుపుల్లేవు, అద్దం లేదు, టాపు లేదు. ఇక్కడిదాకా క్యాటర్‌హామ్‌తో సమానం. ఆపైన ఇంజను లేదు, చక్రాల్లేవు, నట్టు లేదు, బోల్టు లేదు. బరువంతా కలిపి రెండు కాగితాలు, ఒక చెక్కు. అరుదైనదా అంటే, ప్రపంచం మొత్తమ్మీద ఒక్కటి కూడా లేదు. అంతకన్నా అరుదు ఏముంటుంది? చాప్‌మన్ చూసుంటే 'ఇంతదాకా నాకు తట్టలేదే' అని తల కొట్టుకునేవాడు. ప్రభుత్వం చేతికి మాత్రం చిప్ప మిగిలింది.

ఇక కారుకు కావాల్సిన ఉక్కు. మా కడప జిల్లా ఉక్కు ఫ్యాక్టరీకి శంకుస్థాపన 2007లో జమ్మలమడుగు దగ్గర బ్రాహ్మణి పేరుతో జరిగింది. 2018లో కంబాలదిన్నె దగ్గర మరోసారి. 2019లో సున్నపురాళ్లపల్లె దగ్గర ఇంకోసారి. 2023లో అదే సున్నపురాళ్లపల్లెలో కొత్త కంపెనీతో మళ్లీ. నాలుగు రాళ్లు పడ్డాయి, కొలిమి మాత్రం వెలగలేదు. ప్రభుత్వాలు మారాయి, పార్టీలు మారాయి, టెంకాయ కొట్టే చేయి మారింది. ఇందులో ఏ పార్టీకీ ఇంకో పార్టీని చూసి నవ్వే హక్కు లేదు. ఉక్కు లేకుండా ఉక్కు ఫ్యాక్టరీ నడపడం కంటే గొప్ప తేలిక సాంకేతికత ఏ దేశం కనిపెట్టింది? బరువైనదంటూ అక్కడ ఉన్నది శిలాఫలకమే. ఆ రాయికి మాత్రం మా జిల్లాలో ఎన్నడూ కొరత రాదు.

సీమలో కారు పుట్టదని ఎవరూ అనుకోవద్దు. పెనుకొండ పక్కన కియాతో 2017లో ఒప్పందం రాసుకున్నారు, 2019 ఆగస్టులో సెల్టోస్ కారు బయటికొచ్చింది. అక్కడా దండలు పడ్డాయి, ఫోటోలు దిగారు, ఘనత నాదంటే నాదని కొట్లాడుకున్నారు కూడా. కొట్లాడుకోనీండి. కొట్లాటకు ఒక కారంటూ ఉంది. తలుపు తీసి కూర్చోవచ్చు.

ఇదంతా చెప్పాక మా మేనల్లుడు ఓడిపోలేదు. "అది కాదు మామా, మనోళ్లు కూడా హైదరాబాదులో ఒక లైట్‌వెయిట్ సూపర్ కారు చేస్తాండారంట. వీడియో చూడు." చూశాను. కంప్యూటర్లో గీసిన కారు, కంప్యూటర్లో గీసిన కొండదారిలో, కంప్యూటర్లో గీసిన సూర్యుడి కింద దూసుకుపోతోంది. కింద రాసుంది: త్వరలో. టీకొట్టాయన కూడా తొంగిచూసి, "దీనికి పెట్రోలు కూడా అక్కర్లేదు సామీ, చార్జింగు పెడితే చాలు, ఫోనుకు" అన్నాడు.

టీ డబ్బులిచ్చి గుడి వైపు నడిచాం. ఈ దారినే 1652లో టావెర్నియర్ అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి పోయాడు, గండికోటలో మీర్ జుమ్లాకు సరుకు చూపించడానికి. తక్కువ బరువు, ఎక్కువ ధర అన్న వ్యాపారం తెలిసిన మనిషంటే ఆయనే. పోతూ పోతూ ఒంటిమిట్ట గోపురాన్ని మెచ్చుకుని రాసుకున్నాడు. గమనించండి, ఆయన సంచిలో సరుకుంది. సరుకు వీడియో చూపించి ఉంటే మీర్ జుమ్లా ఏం చేసేవాడో మీరే ఊహించుకోండి.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు గుడి పాడుబడింది. అప్పుడొకాయన వచ్చాడు. వావిలికొలను సుబ్బారావు, వాసుదాసు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితుడిగా పనిచేసిన మనిషి. చేతిలో టెంకాయ చిప్ప పట్టుకుని ఊరూరా భిక్షమెత్తి, ఆ డబ్బుతో గుడిని బాగుచేయించాడు. ఆ చిప్ప మీద ఒక శతకమే రాశాడు. ఒంటిమిట్ట చూసిన అతి తేలికైన వాహనం అదే. తలుపుల్లేవు, అద్దం లేదు, టాపు లేదు. మోసింది మాత్రం గుడంత బరువు.

టెంకాయ రెండు రకాలుగా పనికొస్తుందని మా ఊరు నేర్పుతుంది. కొట్టి, ఫోటో దిగి, కారెక్కి వెళ్లిపోవచ్చు. లేదా చిప్ప చేతపట్టుకుని పని పూర్తయ్యేదాకా తిరగవచ్చు. మొదటి రకానికి మన దగ్గర కరువు లేదు.

కాబట్టి తేలిక కార్లు చేసే బాబుల్లారా, వాటికి భూములిచ్చే అయ్యల్లారా, ఒకే ఒక్క మనవి. తలుపులు తీసేయండి, అద్దం తీసేయండి, టాపు తీసేయండి, మాకేం అభ్యంతరం లేదు. 'త్వరలో' కూడా తీసేయండి. మిగిలిన బండిని కడప నుంచి ఒంటిమిట్ట దాకా నడిపించుకుని రండి.

టెంకాయ మేం తెస్తాం.