ఆరు ప్రమాణాలు

తత్వశాస్త్రం చెప్పాలంటే ముందు దేవుణ్ణి గది బయట వదిలేసి రావాలని చాలామంది అనుకుంటారు. బద్వేలులో నాకు తెలిసిన ఒక సంస్కృతం అయివారు ఆ మాట ఒప్పుకోరు. రిటైరై చాలాకాలమైంది. విభూతి పెట్టుకోకుండా గడప దాటరు. వేసవి సెలవుల్లో డిగ్రీ పిల్లల్ని ఇంటి వరండాలో కూర్చోబెట్టుకుని, పైసా తీసుకోకుండా తర్కం చెప్తారు.

"అన్నంభట్టు మన తెలుగాయన. 17వ శతాబ్దంలో తర్కసంగ్రహం రాసింది మీలాగా చదువు మొదలుపెట్టే పిల్లల కోసమే. మొదటి శ్లోకంలోనే విశ్వేశ్వరుణ్ణి గుండెలో పెట్టుకుని, గురువుకు మొక్కినాడు. ఆ తర్వాతే తర్కంలోకి దిగినాడు. భక్తి ఆయనకు అడ్డమొచ్చిందా?" అని మొదలుపెడతారు.

రాధాకృష్ణన్ సంగతి కూడా చెప్తారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదువుతున్నప్పుడు, వేదాంతంలో నీతికి చోటు లేదన్న మిషనరీల విమర్శ ఆ యువకుణ్ణి గుచ్చింది. జవాబుగా 1908లో ఎం.ఏ. కోసం వేదాంత నీతి మీద సిద్ధాంత వ్యాసం రాశాడు. దాన్ని మెచ్చుకున్నది ఆ కాలేజీలోనే చెప్పే క్రైస్తవ గురువు హాగ్. ఇద్దరూ విశ్వాసులే, ఇద్దరి దేవుళ్లూ వేరు, అయినా వాదం సాగింది. నాకు ఈ ఉదంతం ఎంతో ఇష్టం. నమ్మకం ఉన్నవాడు వాదానికి భయపడనక్కర్లేదని పిల్లలకు చూపించడానికి ఇంతకన్నా మంచిది దొరకదు.

నేను వెళ్లిన రోజు పాఠం ప్రమాణాల మీద. మనకు తెలిసింది నిజమని ఎట్లా తేల్చుకోవాలి? చార్వాకుడు కంటికి కనిపించే ప్రత్యక్షం ఒక్కటే చాలన్నాడు. బౌద్ధులు అనుమానాన్ని కలిపి రెండన్నారు. లంకమల మీద పొగ లేస్తే అక్కడ నిప్పుందని ఇక్కణ్ణుంచే తేల్చుకుంటాం, అది అనుమానం. సాంఖ్యులు శబ్దాన్ని చేర్చి మూడు చేశారు, నైయాయికులు ఉపమానంతో నాలుగు. మీమాంసకుల్లో ప్రాభాకరులు అర్థాపత్తితో ఐదన్నారు. భాట్టులూ అద్వైతులూ అనుపలబ్ధిని కూడా కలిపి ఆరు లెక్కపెట్టారు. అనుపలబ్ధి అంటే, కనిపించకపోవడం వల్ల లేదని తెలియడం.

పిల్లల కళ్లు మూతలు పడుతున్నాయి. అయివారు గ్రహించారు. గొంతు మార్చి, "కక్కయ్య కథ ఎవరికి వచ్చు?" అన్నారు.

అందరికీ వచ్చు. బ్రహ్మంగారి మఠం వీళ్లకు పక్క ఊరు లాంటిది. వైశాఖంలో ఆరాధనకు తాతల కాలం నుంచీ పోతున్నవాళ్లే. వీరబ్రహ్మేంద్రస్వామి శిష్యుల్లో దూదేకుల ఇంట పుట్టిన సిద్దయ్య ఎంత ప్రసిద్ధుడో, మాదిగ ఇంట పుట్టిన కక్కయ్య కూడా అంతే. ఆ రోజుల్లో వీళ్లిద్దరినీ శిష్యులుగా చేర్చుకున్నాడంటేనే స్వామి ఎటువంటివాడో తెలుస్తుంది.

స్వామి సిద్దయ్యకు శరీరంలోని ఆరు చక్రాల గురించి, వాటిలో కొలువున్న దేవతల గురించి చెప్తుంటే కక్కయ్య విన్నాడు. నిజమో కాదో చూడాలనుకున్నాడు. ఇంటికి పోయి భార్య శరీరాన్ని కోసి చూశాడు. ఏ దేవుడూ కనిపించలేదు. కోపంతో పరుగెత్తుకొచ్చి, నువ్వు చెప్పింది అబద్ధమని స్వామిని నిలదీశాడు. స్వామి వెంట వెళ్లి ఆమెను బతికించి, కక్కయ్యకు జ్ఞానం చెప్పాడు. అప్పటి నుంచి కక్కయ్య శిష్యుడైపోయాడు.

"కక్కయ్యను పిచ్చోడని నవ్వద్దండి" అన్నారు అయివారు. "విన్నదాన్ని పరీక్షకు పెట్టినాడు. గురువు మొహం మీదే అబద్ధమన్నాడు. ఆ ధైర్యం కావాల. మరి తప్పు ఎక్కడ జరిగింది? అనుపలబ్ధి దగ్గర. పీట మీద చెంబు లేదని చూసి చెప్పొచ్చు, ఎందుకంటే ఉంటే కనిపించేదే. ఉన్నా కంటికి ఆనని దాన్ని, కనబళ్లేదు కాబట్టి లేదంటే అది చెల్లదు. కత్తికి తెగేది మాంసమే. దేవుడు లేడని తేల్చడానికి కక్కయ్య కత్తి చాలదు, ఉన్నాడని తేల్చడానికీ చాలదు."

ఆ చివరి మాటకు నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. నమ్మినవాడు తన వైపు తూకం కొంచెం లాగి ఉండొచ్చు. ఆయన లాగలేదు.

"అందుకే శబ్దం కావాల" అని కొనసాగించారు. శబ్దమంటే ఎవరో ఒకరు చెప్పిన మాట కాదు, ఆప్తుడి మాట. ఆయనకు విషయం స్వయంగా తెలిసుండాలి, తెలిసింది తెలిసినట్టు చెప్పేవాడై ఉండాలి. పక్కన బల్ల మీద తత్వవేత్త కొత్త సచ్చిదానందమూర్తి రాసిన పుస్తకం ఉంది. అద్వైతంలో శ్రుతికీ యుక్తికీ ఉన్న సంబంధం మీద 1959లో వచ్చిన ఇంగ్లిషు గ్రంథం. దాని మీద చెయ్యి పెట్టి, "గుడ్డిగా నమ్మమని ఏ శాస్త్రమూ చెప్పలేదు. చెప్పేవాడికి తెలుసా అని ముందు అడగండి. ఈ ఒక్క ప్రశ్న మర్చిపోకపోతే మీకు తత్వశాస్త్రం వచ్చినట్టే" అన్నారు.

నా పక్కన కూర్చున్న బి.కాం. అమ్మాయి చెయ్యెత్తింది.

"సార్, స్వయంగా తెలిసినోళ్లు చెప్తేనే శబ్దం అంటిరి గదా?"

"అవునమ్మా."

"కక్కయ్య బయట్నుంచి చూసినాడు. ఆయన కోసింది ఆయమ్మ ఒళ్లు. సచ్చిపోయి మళ్లీ బతికొచ్చింది గూడా ఆయమ్మే. లోపల దేవుళ్లు ఉండారో లేరో ఆయమ్మకే తెలిసుండాల గదా సార్?"

అయివారి మొహం వెలిగిపోయింది. కుర్చీలో ముందుకు జరిగారు. "భలే అడిగినావు తల్లీ! ఇన్నేండ్లుగా చెప్తుండా, ఈ మాట ఎవరూ అనలేదు. శరీరం ఆమెది, అనుభవం ఆమెది. ఆ విషయంలో ఆమె కంటే ఆప్తులు ఎవరుంటారు? అందరూ విన్నారా?"

పిల్లలు తలలూపారు. ఆ అమ్మాయి ఇంకా చెయ్యి దించలేదు.

"మరి ఆయమ్మ ఏం చెప్పింది సార్?"

అయివారు ఆలోచించారు. కథ ఆయనకు చిన్నప్పటి నుంచీ కంఠతా వచ్చు. నాకూ వచ్చు. నేనూ వెతుక్కున్నాను.

"నేను విన్న కథలో ఆమె ఏమీ చెప్పలేదమ్మా" అన్నారు చివరికి. "ఆమెను ఎవరూ అడగలేదు."

"బతికినాక అడగలేదు, సరే సార్. కోసేముందన్నా అడిగినాడా?"