ఒకే పేపరు, అయిదు జర్నళ్లు

రఘునాథపల్లిలో పొద్దున్నే రైలెక్కి, కాజీపేటలో దిగి కాకతీయ యూనివర్సిటీకి ఉరికే రీసెర్చ్ స్కాలరుకు ఓపిక ఉండదు, ఉండకూడదు కూడా. పీహెచ్‌డీకి జర్నల్ పేపరు తప్పనిసరన్న నిబంధనను యూజీసీ 2022లోనే ఎత్తేసింది. ఇంటర్వ్యూ బోర్డులు మాత్రం ఎత్తేయలేదు. కాబట్టి ఒక్క జర్నలుకు పంపి ఆర్నెల్లు ఎదురుచూడటం దేనికి? అయిదింటికి పంపండి.

ముందు కవరింగ్ లెటరు. ‘ఈ వ్యాసం మరెక్కడా పరిశీలనలో లేదు’ అన్న వాక్యం ఒక్కసారి టైపు చేస్తే అయిదింట్లోనూ అతికించొచ్చు. జర్నల్ పేరు మార్చడం మరిచిపోతే మరీ మంచిది, ఎడిటర్లకు ఒకరి సంగతి ఒకరికి తెలుస్తుంది.

రివ్యూయర్ల గురించి బెంగ వద్దు. మీ అంశం కాకతీయుల గొలుసుకట్టు చెరువులనుకోండి, వాటి మీద సాధికారంగా మాట్లాడేవాళ్లు ఎందరుంటారు? ఏ జర్నలైనా తిరిగి తిరిగి ఆ ఒక్క ప్రొఫెసరుకే పంపుతుంది. ఆయనకు ఈ పనికి పైసా ముట్టదు. జవాబుపత్రాలు దిద్దడం అయ్యాక, రాత్రిపూట కూర్చుని చదువుతాడు. మీ వ్యాసం రెండోసారి వచ్చిందంటే ఆయనకు పండగే. చదివే పని లేదు, ఇద్దరు ఎడిటర్లకూ ఒకటే ఉత్తరం.

ఇద్దరు ఎడిటర్లూ ఒప్పుకుంటే రెండుచోట్లా అచ్చేయించండి. యూజీసీ 2018 గ్రంథచౌర్య నిబంధనల ప్రకారం పోలిక 60 శాతం దాటితే అధ్యాపకుడికి రెండు ఇంక్రిమెంట్లు కోత, మూడేళ్లు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. మీకింకా ఉద్యోగమే రాలేదు, కోయడానికేముంది?

మరీ తొందరైతే ఫీజు తీసుకుని వేసే సంస్థలున్నాయి. హైదరాబాదు కేంద్రంగా నడిచిన ఓమిక్స్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. సరైన రివ్యూ లేదని, ఫీజు సంగతి ముందు చెప్పరని, వ్యాసం వెనక్కిమ్మంటే ఇవ్వరని ఆరోపణ. 2019లో నెవాడా ఫెడరల్ కోర్టు 5.01 కోట్ల డాలర్లు కట్టమంది. అలాంటి చోట ఇరుక్కున్న వ్యాసాన్ని ఇంకే జర్నలూ తీసుకోదు. ఇక మిగతా నాలుగింటి జవాబుల కోసం ఎదురుచూసే బాధ కూడా తప్పుతుంది.

ఎడిటర్లు సంజాయిషీ అడిగితే, కరెంటు పోయి వస్తుంటే సబ్మిట్ బటన్ అయిదుసార్లు పడిందని రాయండి. అయిదు వేర్వేరు వెబ్‌సైట్లలో ఎట్లా పడిందంటే, అదంతా కో-ఆథర్ చూసుకున్నారని తప్పించుకోండి. కో-ఆథర్ మీ గైడు గారేనన్న సంగతి ఆ మెయిలు పోయాక గుర్తొస్తుంది.