మీట నొక్కితే వచ్చిన చిరునామా కాదు

జన్యువు పేరు కొట్టగానే మీకు క్రోమోజోమ్ నంబరు తెర మీద పడుతుంది. ఇన్సులిన్ అంటే 11, థైమిడిన్ కైనేజ్ అంటే 17. చూస్తారు, రాసుకుంటారు, కాఫీకి వెళ్లిపోతారు. ఆ పదిహేడని ఎలా తెలిసిందని ఒక్కరైనా అడిగారా? అడగరు నాయనా, ఆగి అడిగే తీరిక మీకేదీ!

మా రోజుల్లో ఒక్క జన్యువు ఎక్కడుందో కనుక్కోవాలంటే ముందు మనిషి కణాన్నీ ఎలుక కణాన్నీ ఒకటి చేయాలి. నవ్వకండి. జపాన్‌లోని సెండై ఊరి పేరున్న వైరస్ ఒకటి ఉండేది. దాన్ని అతినీలలోహిత కాంతితో నిర్వీర్యం చేసి కణాలకు తగిలిస్తే, పక్కపక్కనున్న రెండు కణాల పొరలు కలిసిపోయేవి. 1965లో ఆక్స్‌ఫర్డ్‌లో హెన్రీ హారిస్, వాట్కిన్స్ అలాగే మనిషినీ ఎలుకనూ ఒకే కణంలో చేర్చారు. 1975లో పాంటెకోర్వో పాలిఇథిలిన్ గ్లైకాల్‌తో ఆ పని చేసి చూపించాడు. పని తేలికైంది. తేలికైన కొద్దీ చేతుల్లో శ్రద్ధ తగ్గింది, అది వేరే సంగతి.

కలిపితే సరిపోతుందా? కలవకుండా మిగిలినవే ఎక్కువ. వాటిని ఏరేయడానికి 1964లో లిటిల్‌ఫీల్డ్ వాడిన హ్యాట్ ద్రవం ఉండేది: హైపోజాంథిన్, అమినోప్టెరిన్, థైమిడిన్. అందులో ఆ నడిమిది ఎవరి చలవో తెలుసా? భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థలో నడిపిన బృందం తయారుచేసిన మందది! పిల్లల ల్యుకేమియాకి వాడినదే. కణం డీఎన్ఏ సరుకు సొంతంగా తయారుచేసుకునే దారిని అది మూసేస్తుంది. రెండో దారికి థైమిడిన్ కైనేజ్ అనే ఎంజైమ్ కావాలి. అది లేని ఎలుక కణాలు చచ్చిపోతాయి. మనిషి తెల్లరక్తకణాలు ఆ గిన్నెలో ఎలాగూ పెరగవు. రెండూ కలిసిన సంకర కణం మాత్రం మనిషి జన్యువు పుణ్యాన బతుకుతుంది. ఆ ఒక్క కణం నుంచి పెరిగిన చిన్న గుంపు, అంటే క్లోన్, కంటికి కనబడేదాకా వారాల తరబడి కాచుకునేవాళ్లం. ఇప్పుడు తెర ఒక్క నిమిషం ఆలస్యమైతే మీకు చిరాకు.

అసలు విచిత్రం వినండి. ఈ సంకర కణాలు విభజన చెందుతున్నకొద్దీ ఎలుక క్రోమోజోములను ఉంచుకుని మనిషివి వదిలేస్తూ పోతాయి. 1967లో మేరీ వైస్, హోవర్డ్ గ్రీన్ దీన్ని బయటపెట్టారు. ఒక క్లోన్‌లో కొన్ని మిగులుతాయి, మరో క్లోన్‌లో మరికొన్ని. పోయిందని ఏడవకుండా, పోయినదాన్నే సాక్ష్యం చేసుకున్నారు చూడండి, అదీ బుర్రంటే! వీధిలో రోజూ హార్మోనియం వినిపిస్తుంటుంది. ఏ ఇంటివాళ్లు ఊరెళ్లినప్పుడల్లా అది ఆగిపోతుందో, పెట్టె ఆ ఇంట్లోనే ఉన్నట్టు. ఏ క్రోమోజోమ్ పోతే మనిషి ఎంజైమ్ మాయమవుతుందో, ఆ ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువు దాని మీదే ఉన్నట్టు.

క్లోన్లను జాగ్రత్తగా ఎంచుకుంటే ఐదు చాలు. ఉంది, లేదు అనే జవాబులు 32 రకాలుగా వస్తాయి. మనిషి క్రోమోజోముల్లో రకాలు 24, కాబట్టి ఒక్కోదానికి ఒక్కో వరస దక్కుతుంది. కాగితం మీద ఎంత ముచ్చటైన లెక్క! ఆచరణలో మాత్రం స్టార్చ్ జెల్‌లో ఎంజైములను పరుగెత్తించి మనిషిదేదో ఎలుకదేదో విడదీయాలి. క్రోమోజోములను ఫోటో తీసి, కత్తెరతో ఒక్కొక్కటీ కత్తిరించి వరసగా అంటించాలి. 1970లో కాస్పర్సన్ క్వినాక్రిన్ అనే రంగుతో వాటి మీద చారలు చూపించేదాకా ఒకే సైజువాటిని పోల్చుకోవడం కూడా కష్టమే. ఆ చారలతోనే 1971లో థైమిడిన్ కైనేజ్ జన్యువు 17 మీద ఉందని తేల్చారు. 1973లో న్యూ హేవెన్‌లో జన్యుపటాల వాళ్లంతా మొదటిసారి సమావేశమై, ఎవరి క్లోన్ ఏం చెప్పిందో ఒకచోట పేర్చి, పేచీలు పడి మరీ తేల్చుకున్నారు. ఇప్పుడు పేచీ పడేందుకైనా ఎదురుగా మనిషి ఉండడు.

ఇవాళ పసివాడి జబ్బుకి కారణం రోజుల్లో దొరుకుతోందంటే సంతోషమే, కాదనను. ఆ బిడ్డ తల్లితో మా క్లోన్లు పెరిగేదాకా ఆగమ్మా అనలేం. కానీ ఆ తెర మీది అంకె వెనక కొందరు నిద్రమానుకున్న రాత్రులున్నాయి. ఈసారి క్రోమోజోమ్ నంబరు రాసుకునేటప్పుడు, దాన్ని ఏ ప్రయోగం తేల్చిందో కూడా పక్కన రాసుకోండి. రాశాకే కాఫీకి వెళ్లండి.