తాగనివాడికి పడ్డ శిక్ష

మా చుట్టాల్లో చుక్క ముట్టనివాణ్ని నేనొక్కణ్నే. ఇన్నేళ్లూ మావాళ్లు దీన్ని నయంకాని జబ్బులాగే చూస్తూ వచ్చారు. గృహప్రవేశాల్లో మగవాళ్లందరూ ఒక్కొక్కరే మేడమీదికి మాయమైపోతే, నన్ను కింద పిల్లలకూ కూల్‌డ్రింకు సీసాలకూ కాపలా పెట్టేవారు. 2021 నవంబరులో నా దశ తిరిగింది. తాగి నడిపాడన్న ఒక్క కారణంతో పోలీసులు బండి పట్టుకుపోవడానికి వీల్లేదనీ, పక్కన తాగనివాడెవడైనా ఉండి వాడికి లైసెన్సు ఉంటే తాళాలు వాడి చేతికివ్వాలనీ, లేకపోతే బంధువునో స్నేహితుణ్నో పిలిపించి అప్పగించాలనీ తెలంగాణ హైకోర్టు ఆ నెలలో చెప్పింది. తీర్పు వచ్చిన మర్నాడే మా బంధువర్గం మొత్తం నా నంబరు సేవ్ చేసుకుంది.

నిరుడు ఓ శనివారం రాత్రి పదకొండున్నరకు ఫోన్ మోగింది. మా బావమరిది.

"బావా, పడుకున్నావా? చిన్న పని పడింది. ఊదించారు."

"ఎంతొచ్చింది?"

"నూట నలభై రెండు."

ఆ గొంతులో సిగ్గు కంటే ర్యాంకు కొట్టినవాడి ధీమాయే ఎక్కువ వినిపించింది. ఇంటర్ లెక్కల్లో నూట యాభైకి నలభై రెండు తెచ్చుకున్నవాడు మరి! పాస్ మార్కు 30 అని వాడికి గుర్తు చేశాను. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరం. దేశంలో దాటితే ఫెయిలయ్యే పాస్ మార్కు బహుశా ఇదొక్కటే.

వాడి కారు నేను నడుపుకుని రావాలి కనుక ఆటోలో వెళ్లాను. బారికేడ్ల పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ, మీద వీడియో కెమెరా, ముందు పెళ్లి భోజనాలకు నిలబడ్డంత క్యూ. నోట్లో ఉన్నదాన్ని బట్టి క్యూలో ఎవరు ఎన్నోసారో చెప్పేయొచ్చు. కొత్తవాళ్లు లవంగం నములుతారు. కాస్త అనుభవజ్ఞులు పుదీనా బిళ్ల. మూడోసారి వచ్చినవాళ్లు ఏమీ నమలరు. యంత్రం వాసన చూడదనీ, ఊపిరితిత్తుల్లోంచి వచ్చే గాలిలో ఆల్కహాల్ లెక్కగడుతుందనీ వాళ్లకు కోర్టులోనే అర్థమైపోయి ఉంటుంది. ఒకాయన బుగ్గలు పూరించి పిల్లనగ్రోవి ఊదినట్టు సుతారంగా ఊదుతుంటే కానిస్టేబుల్ భుజం తట్టాడు. "బుగ్గల గాలి కాదు సార్, కడుపుల గాలి గావాలె. లోపటికి గుంజకుండ్రి. ఆ, గట్టిగ!" ఇంకో కుర్రాడు జలుబు చేస్తే దగ్గు మందు తాగానన్నాడు. "ఎన్ని క్వార్టర్లు తాగినవ్ తమ్మీ దగ్గు మందు?" అని అడిగాడు ఆయనే, రాసుకుంటూ.

నా వంతు వచ్చింది. తాళాలు ఇవ్వాలంటే నేనూ ఊదాలట. కొత్త పైపు తగిలించారు, ఊదాను. కానిస్టేబుల్ తెర వంక చూసి, యంత్రాన్ని రెండుసార్లు అరచేతిలో కొట్టి, మళ్లీ ఊదమన్నాడు. మళ్లీ ఊదాను. ఎస్సైని పిలిచాడు. ఆయనొచ్చి చూసి, "మిషన్ ఖరాబైందేమో, ఇంకోటి తే" అన్నాడు. మూడో ఊదుడుకి గాని నేను తాగలేదన్న సంగతి నిర్ధారణ కాలేదు. శనివారం అర్ధరాత్రి ఆ రోడ్డు మీద సున్నా చూసి ఎన్నాళ్లయిందో పాపం.

తిరిగొస్తూ ఒక సంగతి గమనించాను. బారికేడ్ల నుంచి వెనక్కి రెండో మలుపులోనే వైన్ షాపు, దానికి అతికించి పర్మిట్ రూమ్, ముందు నలభై బైకులు. షాపుకు లైసెన్సు ఇచ్చింది ప్రభుత్వం. తూలకుండా కూర్చుని తాగమని పర్మిట్ రూముకు ఫీజు కట్టించుకున్నదీ ప్రభుత్వమే. అక్కణ్నుంచి రెండో మలుపులో పైపు పట్టుకుని నిలబడ్డదీ అదే. లోపలికి నడిచి వెళ్లినవాణ్ని నేనైతే చూడలేదు. 2023లో తెలంగాణలో 2,620 షాపులకు లాటరీ పెడితే దరఖాస్తు ఒక్కింటికి 2 లక్షలు, షాపు రాకపోయినా ఆ డబ్బు వెనక్కి రాదు. అయినా లక్షా 31 వేల పైచిలుకు దరఖాస్తులు పడ్డాయి. సీసా మూత తియ్యకముందే ఖజానాకు 2,600 కోట్లు దాటి వచ్చింది. ఈ లెక్క ముందు మా బావమరిది కట్టబోయే పదివేల జరిమానా దేవుడి హుండీలో రూపాయి బిళ్ల. అవతల ఆంధ్రలో 2024లో కొత్త మద్యం విధానం తెచ్చి 99 రూపాయలకే క్వార్టర్ అన్నారు. అంటే ఒక్క జరిమానాకు నూరు క్వార్టర్లు, పైన వంద చిల్లర. ఈ లెక్క మా బావమరిదే కట్టి చూపించాడు. ఇంటర్లో ఈ తెలివి ఏ గంగలో కలిసిందో.

న్యాయస్థానాలు ఏమీ చెయ్యలేదనడానికి లేదు. రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం అమ్మకూడదని సుప్రీంకోర్టు 2016 డిసెంబరులో కట్టడి చేసింది. ఏప్రిల్ 1 నుంచి అమలన్నారు. మనవాళ్లు ఏప్రిల్ 1ని ఏప్రిల్ 1లాగే జరిపారు. షాపులు జరపడం కష్టమని కొన్ని రాష్ట్రాలు రహదారుల పేర్లే మార్చేశాయి. రాత్రి రాష్ట్ర రహదారిగా పడుకున్న రోడ్డు తెల్లారేసరికి మున్సిపాలిటీ వీధిగా లేచింది. కేరళలోని పరవూరులో ఒక బారువాళ్లు ఇంకా నిజాయితీగా ఆలోచించారు. బారు అక్కడే ఉంచి, గేటు నుంచి తలుపుదాకా పద్మవ్యూహంలా వంకరటింకర దారి కట్టారు, నడిచే దూరం 500 మీటర్లు దాటేలా. తాగి వచ్చేటప్పుడు వంకరగా నడవడం మామూలే, తాగబోయేటప్పుడు కూడా వంకరగా నడిపించింది మాత్రం ఆ తీర్పే.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ పట్టుమని పది లైన్లు లేదు. మొదటిసారి దొరికితే ఆరు నెలల వరకు జైలు లేదా 10 వేల జరిమానా లేదా రెండూ. మళ్లీ దొరికితే రెండేళ్ల వరకు జైలు లేదా 15 వేలు లేదా రెండూ. 2019 సవరణకు ముందు మొదటి తప్పు ధర 2 వేలే. ఇందులో నాకు నచ్చిన మాటలు రెండున్నాయి, 'వరకు', 'లేదా'. నేరాన్ని మిల్లీగ్రాముల్లో తూచిన చట్టం శిక్ష దగ్గరికొచ్చేసరికి కొలబద్ద పక్కన పెట్టేసింది. ఇంకో చమత్కారం ఏమిటంటే, నడిపితేనే కాదు, 'నడపబోయినా' నేరమే. మా బావమరిది అరగంటసేపు తాళంచెవి సిగరెట్ లైటర్ కన్నంలో పెట్టి తిప్పిన రోజులున్నాయి. అవి కూడా లెక్కిస్తే వాడికి యావజ్జీవం పడేది.

ఈ కేసు రోడ్డు మీద రాజీ పడేది కాదు, కోర్టుకు వెళ్లాల్సిందే. దానికి ముందు కౌన్సెలింగ్. కుటుంబ సభ్యుల్ని వెంటబెట్టుకు రావాలట. తాగింది ఒకడు, సెలవు పెట్టింది ముగ్గురు: వాడు, వాడి భార్య, నేను. ప్రమాదాల వీడియోలు వేశారు. మా చెల్లెమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే ఉంది. వాడు మాత్రం ఒక వీడియోలో గుద్దిన కారు ఏ మోడలో పక్కవాడితో పందెం కాశాడు. అయిపోయాక కౌన్సెలింగ్ చేసినాయన నన్ను చూసి, "ఇప్పటికైనా మానేయండి పెద్దాయనా" అన్నాడు. మానేస్తానని మాటిచ్చాను. వాదించే ఓపిక లేకపోయింది.

కోర్టు హాల్లో మా ముందు ఒక తాపీమేస్త్రి నిలబడ్డాడు. చొక్కాకు సున్నం మరకలు. జరిమానా పదివేలనగానే చేతులు కట్టుకుని, "బండే ఆరు వేలు జేస్తది సార్, అది మీరే ఉంచుకోండ్రి" అన్నాడు. హాలంతా నవ్వింది. లెక్క తప్పుకాదు గాని, చట్టంలో మార్పిడి పథకం లేదు. కట్టలేనివాడు కట్టలేనందుకు రెండు రోజులు లోపలికి పోయాడు, రెండు రోజుల కూలీ అదనం. వాడి వెనకాల ఖరీదైన కారాయన. నిలబడ్డది ఆయనే గాని మాట్లాడింది లాయరు. పదివేలు కట్టి బయటికొచ్చేలోపు రెండు ఫోన్లు మాట్లాడుకున్నాడు. మిల్లీగ్రాముల్లో ఆయనే ఎక్కువ. ఒకే మందుకు ఒకే జరిమానా అనుకోవాలి. ఒకడికి నెల ఇల్లు గడిచే డబ్బు, ఇంకొకడికి ఆ వారం సాయంత్రాల్లో ఒకదాని బిల్లు.

విశాఖలో ఒక న్యాయమూర్తి తాగి నడిపినవాళ్లచేత ఆర్కే బీచ్‌లో చెత్త ఏరించారు. ఏరిన చెత్తలో సీసాలు ఎవరెవరివో పరీక్ష చేయించి ఉంటే కేసు అక్కడికక్కడే ముగిసేది.

శిక్షల్లో సాహిత్యానికి చోటిచ్చింది మాత్రం పుణె. 2024 మే 19న అక్కడ ఒక మైనరు అర్ధరాత్రి దాటాక పోర్షే కారుతో బైకును గుద్దితే ఇద్దరు యువ ఇంజినీర్లు చనిపోయారు. కొద్ది గంటల్లోనే బెయిలొచ్చింది, షరతుల్లో ఒకటి రోడ్డు ప్రమాదాల మీద 300 పదాల వ్యాసం. దేశమంతా గోల చేశాక ఆ బెయిలు రద్దు చేశారనుకోండి. పరీక్షకు పంపాల్సిన అబ్బాయి రక్తాన్ని మార్చేసి తల్లి రక్తం పెట్టారని పోలీసులు అభియోగం మోపారు. రక్తసంబంధం ఇలా కూడా పనికొస్తుందని మనకు తెలీదు. నా బాధ వేరే. ఇద్దర్ని చంపిన కేసులో 300 పదాలతో సరిపెడితే, జీవితంలో చుక్క తాగని నాచేత ఇదే విషయం మీద ఎడిటరుగారు 1,300 పదాలు రాయిస్తున్నారు.

బీమా సంగతి ఎవరూ పట్టించుకోరు. తాగి గుద్దితే మీ కారు మరమ్మతు డబ్బు కంపెనీ ఇవ్వనక్కర్లేదు. 2007లో ఇండియా గేట్ దగ్గర తుక్కయిన మరో పోర్షే కేసులో ఊదించిన కాగితం లేకపోయినా ఫరవాలేదు, మిగతా పరిస్థితులు చాలన్నది సుప్రీంకోర్టు 2021లో. పదివేలకు ఏడ్చినవాడు ఆ లక్షల సంగతి అడగనే అడగడు. మా వాడైతే పాలసీ ఎప్పుడు అయిపోయిందో కూడా నన్నే అడిగాడు.

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో రోడ్డు మీద పడి ఉన్న ఒక బైకును హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న బస్సు ఈడ్చుకుపోయింది, నిప్పంటుకుంది. బస్సులో 19 మంది కాలిపోయారు. బైకు నడిపినవాడు తాగి ఉన్నాడని ఫోరెన్సిక్ పరీక్ష తేల్చింది. అతనూ బతకలేదు. 185 కింద శిక్ష వేయడానికి అక్కడ మనిషి మిగల్లేదు.

మా బావమరిది లైసెన్సు ఆరు నెలలు సస్పెండయింది. వాడికి శిక్ష అని కాగితంలో ఉంది. పొద్దున ఆఫీసుకు దింపింది, సాయంత్రం ఎక్కించుకున్నది, ఆదివారాలు అత్తగారింటికి తీసుకెళ్లింది నేను. వాడు పక్క సీట్లో వెనక్కి వాలి, "క్లచ్ మెల్లగా వదులు బావా" అంటాడు. ఆరు నెలల్లో ఆ మనిషి ముఖంలో ఎంత కళొచ్చిందో! మందు మానలేదు. మానాల్సిన అవసరం కూడా పోయింది గదా, డ్రైవరు కుదిరాడు.

మొన్న కాలనీ వాట్సాప్ గ్రూపులో డిసెంబరు 31కి డ్యూటీల పట్టిక పెట్టారు. బిర్యానీ ఒకరు, ఐసు ఒకరు, పాటలు ఒకరు. నా పేరు ఎదురుగా 'రాత్రి 11 నుంచి తెల్లవారేదాకా, ఫోన్ ఆన్‌లో ఉంచాలి' అని ఉంది. పక్కనే నా రీడింగ్ కూడా వేశారు: 000. అప్పుడే ముగ్గురు బొటనవేలు చూపించారు, ఒకాయన తన కారు గేర్లు కొంచెం గట్టిగా పడతాయని ముందే చెప్పాడు. మా ఆవిడ స్వెట్టర్ ఎండలో వేసింది.