ముందు కట్టలు చూడరా అబ్బాయా

పోయిన నెల మా తమ్ముడి కొడుకు ఇంటి ముందర బండి ఆపి హారన్ కొట్టాడు. బయటికి వస్తే, "పెదనాయనా, ఇప్పుడు చూడు ఎట్టుందో" అన్నాడు.

ఏపీ 26 నంబరుతో ఉన్న పాత పికప్పు. ముందూ వెనకా కట్టల (లీఫ్ స్ప్రింగుల) మీద నడిచే బండి. రొయ్యల మేత మూటలు తోలుకోడానికి సెకండ్ హ్యాండులో కొన్నాడు. కంపెనీ బంపరు పీకేసి, లావు ఇనప గొట్టాలతో చేసిన పెద్ద బంపరు బిగించాడు. నల్ల రంగు, బానెట్ మీదికి లేచిన గొట్టాలు, వాటికి నాలుగు ఎల్‌ఈడీ లైట్లు. వెనక కట్టల్లో చెరొక పట్టీ అదనంగా తోయించి తోక పైకి లేపించాడు. అంతా కలిపి 30 వేలు దాటిందంట. వాడి సంతోషం చూస్తే నోరు మెదపబుద్ధి కాలేదు గానీ, చెయ్యి మాత్రం ఊరుకోలేదు. ముందు చక్రం పక్కన గొంతుక్కూర్చుని లోపలికి చెయ్యి పెట్టి కట్ట తడిమాను. విల్లులా వంపు తిరిగి ఉండాల్సిన మెయిన్ పట్టీ బల్లపరుపుగా పడుకోనుంది. షాకిల్ బుష్షు నలిగి రబ్బరు పక్కకి పొంగింది. షాక్ అబ్జార్బరు మీద ఆయిలు కారి, దుమ్ము పట్టి, జిడ్డు ముద్ద కట్టింది.

"కట్టలు చూడకుండా బంపరెట్టా ఎక్కించినార్రా?" అన్నాను.

"షాపులో వాళ్లేం చెప్పలా పెదనాయనా."

అదే నా బాధ. డబ్బు తీసుకుని బిగించేవాళ్లు వీధికి ఇద్దరున్నారు. బండి కింద పడుకుని చూసి, "ఇది వద్దు, ముందు అది చేయించుకో" అని చెప్పేవాడు ఒక్కడు కనపడడు.

నేను స్టీరింగు పట్టిన కాలానికి మా నాయుడుపేట నెల్లూరు జిల్లాలో ఉండేది. తిరుపతి జిల్లాలోకి పోయింది 2022 ఏప్రిల్‌లో. ఊరి పక్కన పోయే రోడ్డు అప్పుడు ఐదో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు పదహారు. మేం మాత్రం జీఎన్‌టీ రోడ్డు అనే అనేవాళ్లం. ఆరు వరసల రోడ్ల మీద పుట్టిన పిల్లలకు ఆ రోడ్డు ఎట్టుండేదో చెప్పినా అర్థం కాదు. ఒకే తారు పట్టీ, రెండు పక్కలా చింతచెట్లు, తారు అంచు నుంచి మట్టికి జానెడు దిగుడు. ఎదురుగా లోడు లారీ వస్తే వాడు తప్పుకోడు, మనమే ఎడమ చక్రాలు రెండూ మట్టిలోకి దించాలి. దించిన ప్రతిసారీ దబ్బుమని ఒక దెబ్బ. మళ్లీ తారెక్కేటప్పుడు ఇంకొకటి. నాయుడుపేట నుంచి మద్రాసుకు సుమారు 110 కిలోమీటర్లు. గూడూరు నిమ్మకాయల బస్తాలు వేసుకుని రాత్రి బయల్దేరితే తెల్లారేలోపల కొత్తవాల్ చావిడి మార్కెట్లో దించేదాకా ఆ దెబ్బలు ఎన్ని పడేవో లెక్క లేదు. 1996లో మార్కెట్టు కోయంబేడుకు మారిందాకా నా బతుకంతా ఆ దారే.

అన్ని దెబ్బలూ తినింది కట్టలే. అందుకే కట్టలంటే మాకు భయమూ ఉండేది, భక్తీ ఉండేది.

1980ల నడుమ జపాను వాళ్ల పొత్తుతో చిన్న లారీలు ఒకదాని వెంట ఒకటి దిగాయి. మన జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్, బయట డీసీఎం టయోటా, స్వరాజ్ మజ్దా, ఐషర్ మిత్సుబిషి. 1986లో టాటా వాళ్ల 407 వచ్చింది. నాకు మాత్రం జీపు మూతి పికప్పే. ఏ బండి అయినా సరే, మూడు నెలలకొకసారి కట్టలు బాగుచేసే కమాన్ సాయిబు దగ్గరికి పోవాల్సిందే. శ్రీకాళహస్తి పోయే రోడ్డు మొగలో వేపచెట్టు కింద ఒక కొలిమి, ఒక దాగలి, రెండు సుత్తులు, నేలలో పాతిన వైసు. షాపుకు బోర్డు కూడా ఉండేది కాదు.

ఆయన బండి చూసే తీరు వేరు. ముందు వచ్చి ఏం అడిగేవాడు కాదు. దూరంగా నిలబడి బండి ఎటుపక్క ఒరిగిందో చూసేవాడు. అప్పుడు అడిగేవాడు: "ఏం లోడు? ఎంత దూరం? ఖాళీగా ఎంత తిరుగుతావు?" ఆ మూడు మాటలకు జవాబు వచ్చాకే పానా ముట్టేవాడు. యూ బోల్టులు విప్పి, కట్ట దించి, సెంటర్ బోల్టు తీసి పట్టీలు నేల మీద వరసగా పరిచేవాడు. ఒక్కో పట్టీని సుత్తి మొనతో తట్టి చెవి ఒగ్గి వినేవాడు. గంటలా ఖణేల్‌మంటే మంచిది. పగిలిన కుండలా బొంగురుగా మోగితే ఎక్కడో చీలిక ఉన్నట్టు. కిరసనాయిలు గుడ్డతో తుడిచి ఆ చీలిక వెంట్రుక వాసి ఉన్నా చూపించేవాడు.

ఆ తరవాత వంపు కొట్టడం. దాగలి మీద పట్టీ పెట్టి అంగుళం అంగుళం జరుపుతూ సుత్తి దెబ్బలు. పొడుగు పట్టీకి తక్కువ వంపు, పొట్టి పట్టీకి ఎక్కువ వంపు. రెండు పట్టీలు ఒకదాని మీద ఒకటి పెడితే నడుమ బియ్యపు గింజ దూరేంత సందు ఉండాలి. సెంటర్ బోల్టు బిగించినప్పుడు ఆ సందు మూసుకుని పట్టీలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి. అప్పుడే బరువు అన్నిటి మీదికీ సమానంగా పోతుంది. సందు లేని కట్టలో మోత అంతా మెయిన్ పట్టీ మీదే పడి, అది ముందర విరుగుతుంది. ఈ సంగతి నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు, ఆ చెట్టు కింద కూర్చుని నేర్చుకున్నాను. పట్టీల నడుమ గ్రాఫైటు గ్రీజు రాసి, క్లాంపులు వేసి, బండి కింద ఎక్కించేవాడు. కట్ట పక్కన ఎవరైనా వెల్డింగు రాడ్డు పట్టుకుంటే అరిచేవాడు. నిప్పు తగిలిన చోట ఉక్కు పదును చచ్చిపోతుంది, నెల తిరక్కుండా అక్కడే విరుగుతుంది.

ఇంకో మాట కూడా చెప్పేవాడు. ఒక పక్క కట్ట విరిగితే రెండు పక్కలా విప్పాలి. కొత్త కట్ట ఒక వైపు, అలసిన కట్ట ఒక వైపు ఉంటే బండి ఎప్పటికీ కుదురుగా నడవదు.

మేం చేసిందంతా సరైనదే అనను. టన్ను బండి మీద రెండు టన్నులు వేసిన రోజులున్నాయి. అప్పుడు మేం కూడా "ఇంకో పట్టీ వెయ్యి" అనే అడిగాం. సాయిబు వద్దన్నా వినకుండా నేను వేరే చోట వేయించుకుని, సూళ్లూరుపేట దాటాక నడిరాత్రి వెనక హౌసింగు వంగి రోడ్డు మీద కూర్చున్నాను. కట్టలు తట్టుకున్నాయి, ఇరుసు తట్టుకోలేదు. లోడంతా వేరే బండికి మార్చేసరికి పొద్దెక్కింది, సగం నిమ్మకాయలు ఎండకు వాడిపోయాయి. కట్ట గట్టిపడినంత మాత్రాన బండి మోసే బరువు పెరగదని ఆ రాత్రి తెలిసింది. చాసిస్, ఇరుసు, బేరింగులు, బ్రేకులు, టైర్లు అన్నీ పాతవే కదా.

ఇప్పటి పిల్లలు పట్టీ వేయించేది లోడు కోసం కూడా కాదు, తోక ఎత్తుగా కనపడాలని. వాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. చాలా పికప్పులకు వెనక ఇరుసు పైన బ్రేకు పైపులో ఒక వాల్వు ఉంటుంది. దాన్నుంచి ఒక కడ్డీ ఇరుసుకు కలిపి ఉంటుంది. లోడెక్కి వెనక భాగం దిగినప్పుడు ఆ కడ్డీ కదిలి వెనక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి వదులుతుంది. ఖాళీగా తోక లేచి ఉంటే తగ్గిస్తుంది, లేకపోతే వానలో వెనక చక్రాలు పట్టేసి బండి అడ్డం తిరుగుతుంది. పట్టీ వేసి తోక లేపి, కడ్డీని సరిచేయకుండా వదిలేస్తే లోడున్నా ఆ వాల్వు ఖాళీ బండి అనే అనుకుంటుంది. వెనక బ్రేకు సగమే పడుతుంది. మావాడు "ఈమధ్య బ్రేకు కాస్త లేటుగా పడతా ఉంది పెదనాయనా" అన్నప్పుడు నా గుండె జారిపోయింది. కింద దూరి చూస్తే కడ్డీ పాత కొలతలోనే ఉంది.

ఇక ఆ బంపరు. గొట్టాలూ ప్లేట్లూ లైట్లూ కలిపి అరవై కిలోలకు తగ్గదు. ఇద్దరం పట్టుకుని దించితే నడుములు పట్టేశాయి. అరవై కిలోలే కదా అనుకోకూడదు. ఆ బరువు ముందు ఇరుసు మీద లేదు, ఇరుసుకు ముందర వేలాడుతుంది. ఏతం కొయ్య చివర బరువు కట్టినట్టు. ముందు కట్టల మీద అరవై కంటే ఎక్కువే పడుతుంది, ఆ మేరకు వెనక తేలికవుతుంది. అప్పటికే అలసిన కట్టలు ఇంకా కుంగుతాయి. గుంతలో పడితే ఇరుసు పోయి స్టాపర్‌కు కొట్టుకుంటుంది.

ఈ గొట్టాల బంపరు వాడుక ఆస్ట్రేలియా దేశంలో పెరిగింది. అక్కడ వందల కిలోమీటర్లు ఊరూ పేరూ లేని దారుల్లో రాత్రిపూట కంగారూ అడ్డం దూకితే రేడియేటరు పగిలి మనిషి ఎడారిలో చిక్కుకుపోతాడు. వాళ్లకు అది అవసరం. అక్కడివాళ్లు కూడా బంపరు అమ్మేటప్పుడు దాని బరువుకు తగిన ముందు స్ప్రింగులు ఇవేనని లెక్క చెప్పి మరీ అమ్ముతారు. మనవాళ్లు ఆ గొట్టాలను తెచ్చుకున్నారు, లెక్కను అక్కడే వదిలేశారు. మన పక్కనే శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు పికప్పులు తయారవుతున్నాయి. ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక కట్టలు, మంచి బండి. అటువంటి బళ్లకు సోకులు చేసి హైవే మీద పోతుంటే చూసి, పాత లోడు బండికీ అదే కావాలంటారు.

కంపెనీ ఇచ్చిన పల్చటి బంపరును మావాడు "రేకు" అని ఎగతాళి చేశాడు. దాన్ని చేసిందే నలగడానికి. గుద్దుకున్నప్పుడు అదీ దాని బ్రాకెట్లూ వంగి దెబ్బలో కొంత మింగుతాయి. ఇనప బంపరు నేరుగా చాసిస్ కొమ్ములకు బోల్టులతో బిగించి ఉంటుంది, దెబ్బ తిన్నగా చాసిస్‌కు పోతుంది. కొమ్ము ఒక్క అరంగుళం వంగినా ఇక ఆ బండి ఎలైన్‌మెంటు కుదరడం కష్టం. ఎయిర్‌బ్యాగు ఉన్న బళ్లలో అయితే సెన్సారు లెక్కే తప్పుతుంది.

ఇదంతా బండి సంగతి. నాకు అంతకంటే పెద్ద దిగులు ఇంకొకటుంది. ఆ బానెట్ మీది గొట్టం ఎంత ఎత్తులో ఉందో నా చేత్తో కొలిచి చూశాను. మా వీధిలో బడికి పోయే ఆరేళ్ల పిల్ల తలకు సరిగ్గా తగులుతుంది. మా బజారులో సాయంత్రం బడి వదిలే వేళ పికప్పులూ ఆటోలూ పిల్లలూ అందరూ ఒకే రోడ్డు మీద ఉంటారు. రేకు మూతి తగిలితే దెబ్బ తగ్గొచ్చు. ఇనప గొట్టానికి ఎక్కడా వంగే గుణం లేదు. మావాడికి ఈ మాట చెప్పినప్పుడు మొదటిసారి తల దించుకున్నాడు.

చట్టం కూడా ఒప్పుకోదు. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలన్నిటికీ రాసింది, ఇట్టాంటి గొట్టాల బంపర్లు, అంటే క్రాష్ గార్డులు, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనుకు విరుద్ధమని, చర్య తీసుకోమని. 2019 సవరణ తరవాత అనుమతి లేని ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా వేయొచ్చు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్టుకు పోతే ముందర అది చూసే ఆపుతారు. అమ్మే వాళ్లు ఈ మాట ఎందుకు చెప్పరో నాకు తెలియదు.

కొత్తదంతా చెడ్డదని నేను అనడం లేదు. ఇప్పుడొచ్చే పారాబోలిక్ పట్టీలు చూశాను. నడుమ లావుగా, కొసలకు పల్చగా, ఒకదానికొకటి రాసుకోకుండా, రెండు మూడు పట్టీలే పది పట్టీల పని చేస్తాయి. బండి మెత్తగా పోతుంది, బరువూ తగ్గుతుంది. గ్యాసు షాక్ అబ్జార్బర్లు మా కాలంలో ఉంటే నా నడుము ఇట్టా ఉండేది కాదు. పాత బండిని బాగు చేసుకోవడం కూడా మంచి పనే. దాన్ని చేసే వరసే తప్పింది.

మావాడి బండి బాగుచేయడానికి మూడు రోజులు పట్టింది. సాయిబు లేడిప్పుడు. ఆయన దగ్గర పని నేర్చిన మనిషి గూడూరులో ఉన్నాడని కనుక్కుని అక్కడికి పోయాం. ముందు రెండు మెయిన్ పట్టీలూ కొత్తవి, మిగతా వాటికి వంపు కొట్టించాం. బుష్షులు, సెంటర్ బోల్టులు, యూ బోల్టులు, నాలుగు షాక్ అబ్జార్బర్లు అన్నీ కొత్తవే. ఒకసారి సాగిన యూ బోల్టును మళ్లీ వాడకూడదు. వెనక అదనపు పట్టీ తీసేశాం. బుష్షుల బోల్టులు బండిని జాకీ మీద నుంచి దించి, చక్రాలు నేల మీద ఆని, బరువు పడ్డాకే బిగించమన్నాను. గాల్లో బిగిస్తే రబ్బరు మెలిపడి నెలకే చిరుగుతుంది. ఆ పనివాడు నవ్వి, "తెలుసు పెద్దాయనా, సాయిబు కొట్టి మరీ నేర్పాడు" అన్నాడు. ఆ మాట విన్నాక నా ప్రాణం కుదుటపడింది. బంపరు మా కొట్టంలో గోడకు ఆనించి ఉంది. కంపెనీ బంపరు చెన్నై పుదుపేటలో పాతది దొరికింది.

మొదటి లోడు వాకాడు వైపు చెరువులకు. నేనూ వాడితో పోయాను. దించి వస్తూ నూరు కిలోమీటర్లు నిండినట్టు మీటరు చూపించగానే బండి పక్కన ఆపించాను. కొత్త కట్టలు మొదటి లోడుకు సర్దుకుంటాయి, యూ బోల్టులు వదులవుతాయి. అప్పుడు బిగించకపోతే సెంటర్ బోల్టు తెగి ఇరుసు పక్కకి జరుగుతుంది, బండి ఎండ్రకాయలా ఓరగా నడుస్తుంది.

"ఇప్పుడే కదా పెదనాయనా బిగించింది" అన్నాడు మావాడు.

"పానా వెయ్యి."

వేశాడు. రెండు చేతులా పట్టి లాగాడు. నట్టు ముప్పావు చుట్టు తిరిగింది. వాడు నా మొహం చూసి, మాట్లాడకుండా రెండో వైపుకు పోయి కూర్చున్నాడు.