చాపాడుకూ ఒక ట్రస్టీ

ఏపీ ఖనిజాభివృద్ధి సంస్థ 9,000 కోట్ల బాండ్లకు వాయిదా తప్పితే, బాండ్లు కొన్నవాళ్ల తరఫు ట్రస్టీగారు అసెంబ్లీ గడప తొక్కక్కర్లేదట. రిజర్వు బ్యాంకుకు కాగితం పోతే చాలు, రాష్ట్ర ఖజానాలోంచి డబ్బు కదులుతుందట. ఈ కబురు కడప జిల్లా చాపాడు చేరగానే టీ అంగట్లో ఒక పెద్దాయన గ్లాసు కింద పెట్టి, "ఒరే అబ్బయ్యా, మనగ్గూడా ఒక ట్రస్టీ కావల్ల" అన్నాడు.

అక్కడికక్కడే ముసాయిదా సిద్ధమైంది. సర్కారు మాకిచ్చిన ప్రతి హామీ ఇకమీదట ఒక బాండు. మొదటి సిరీస్ కేసీ కాలవ: గడువులోగా చివరి మడికి నీళ్లు రాకుంటే ట్రస్టీ ఇంజినీరుకు అర్జీ పెట్టడు, తానే వచ్చి తూము తలుపులెత్తుతాడు. రెండో సిరీస్ పంటల బీమా. మూడోది ఫీజు రీయింబర్స్‌మెంట్: కాలేజీ సర్టిఫికెట్ బిగబట్టిన సాయంత్రమే ఖజానా ఖాతాకు కోత. ట్రస్టీ మాత్రం ముంబై మనిషే కావాలి. మనూరోడైతే ఆఫీసులో కుర్చీ కూడా వెయ్యరు. తాకట్టుకేముంది? ఆ సంస్థకు మంగంపేట ముగ్గురాయి ఉంది. మాకు కుందూ వరద వదిలిపోయిన ఒండ్రు ఉంది, రాసుకోండి.

ట్రస్టీ అంటే ఉత్త గుమాస్తా అనుకునేరు. 2014లో అర్జెంటీనా తన బాండ్ల వడ్డీకని 53.9 కోట్ల డాలర్లు ట్రస్టీ బ్యాంకుకు జమచేసింది. న్యూయార్క్ జడ్జి పంచొద్దన్నాడు. సొమ్ము ట్రస్టీ దగ్గరే ఆగింది, కట్టిన దేశం ఎగవేతదారైంది. పెద్దాయన సాంతం విని, "మన ఇన్‌పుట్ సబ్సిడీ మాదిరే. ఇచ్చినామంటారు, మనకు రాదు" అన్నాడు.

నవ్వింది చాలు. 2018లో అమరావతి బాండ్లు, 10.32 శాతానికి. 2022లో మద్యం రాబడి చూపించి 8,305 కోట్లు, 9.62 శాతానికి. 2025లో గనులు చూపించి 9.3 శాతానికి. కుర్చీలో ఎవరున్నా అప్పుల దారి ఇదే, దిగాక గగ్గోలు పెట్టేదీ వాళ్లే. సభ చట్టం చెయ్యనిదే సంచిత నిధి నుంచి పైసా తియ్యరాదని రాజ్యాంగం 204వ అధికరణం చెబుతోంది. మరి ఆ నిధికి పక్క తలుపు తియ్యడానికి మీరెవరు? బకాయిలు రాలేదని 2025 ఏప్రిల్‌లో ఆసుపత్రులు ఎన్టీఆర్ వైద్య సేవ ఆపేశాయే, ఆ రోగుల తరఫున రిజర్వు బ్యాంకుకు కాగితం రాసేవాడేడీ? బాండు కొన్నవాడికి మాత్రం రాత్రికి రాత్రి జీవో, పూచీ, కాపలాదారు! సిగ్గుంటే ఆ ట్రస్టు ఒప్పందం ప్రతి పేజీనీ అసెంబ్లీ బల్లమీద పెట్టండి, తెలుగులో.